నాన్నగారు నడిపిన టీ-55 ట్యాంకు: షాపుల్లో దొరకని సైనిక మోడల్ మీద ఒక కేస్ స్టడీ

విజయవాడలో స్కేల్ మోడళ్ళు, డై-కాస్ట్ (లోహంతో పోతపోసిన) వాహనాలు, ముక్కలు అతికించి కట్టుకునే ప్లాస్టిక్ కిట్లు వెతికి తెప్పించి ఇచ్చే పని చేస్తుంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ముందుగా చెప్పే మాట ఒకటే: "మిలిటరీ మోడళ్ళు ఏ షాపులోనూ దొరకట్లేదండీ." నిజమే, దొరకవు. ఎందుకు దొరకవు, దొరకనప్పుడు ఏ వరసలో వెతకాలి అన్న రెండు ప్రశ్నలకూ ఈ ఒక్క కేసులో జవాబు ఉంది. అందుకే రాస్తున్నాను. కుటుంబం అనుమతి తీసుకున్నాను. సొంత ఊరి పేరు, రెజిమెంటు, బండి నంబరు లాంటి గుర్తుపట్టే వివరాలు వదిలేశాను.

నేపథ్యం

వచ్చినాయన గుంటూరులో ఉద్యోగం చేస్తున్నారు. వయసు యాభై దాటింది. వాళ్ళ నాన్నగారు సైన్యంలో ట్యాంకు డ్రైవరు. 1971 యుద్ధంలో పశ్చిమ సరిహద్దులో ఉన్నారు. మన కోస్తా జిల్లాల్లో ఇలాంటి ఇళ్ళు అరుదేమీ కాదు. తాడేపల్లిగూడెం దగ్గర ఊరు ఊరంతా సైన్యానికి మనుషుల్ని పంపిన మిలిటరీ మాధవరం ఉంది. గుంటూరులోనే ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు ఉంది. అయినా ఆ ఇళ్ళలో గోడమీద ఫోటో, పెట్టెలో మెడల్స్ తప్ప, ఆ మనిషి రోజూ పనిచేసిన యంత్రం ఎలా ఉండేదో పిల్లలకి చూపించడానికి ఏమీ ఉండదు. నాకు ఈ పని మీద ఇంత ఇష్టం ఉండటానికి అదొక కారణం.

పెద్దాయనకి సహస్ర చంద్ర దర్శనం చేయాలని కుటుంబం అనుకుంది. శాలువాలూ పూలదండలూ ఎటూ ఉంటాయి, వాటితోపాటు ఆయన నడిపిన ట్యాంకు మోడల్ ఒకటి చేతిలో పెట్టాలన్నది కొడుకు ఆలోచన. ముహూర్తానికి కొన్ని నెలల సమయం ఉంది. ఇంట్లో ఏడేళ్ళ మునిమనవడు ఉన్నాడు. ఈ సంగతి మాటల మధ్యలో యథాలాపంగా వచ్చింది గానీ తర్వాత చాలా నిర్ణయాలు దాని చుట్టూనే తిరిగాయి.

వాళ్ళు తెచ్చిన సమస్య

నా దగ్గరికి రాకముందే ఆయన చాలా తిరిగారు. గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట షాపులు చూశారు. విజయవాడ వచ్చి బీసెంట్ రోడ్డు ఫ్యాన్సీ షాపులు, వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్లు, మాల్స్‌లోని బొమ్మల షాపులు చూశారు. అన్నిచోట్లా అడిగింది "రష్యా ట్యాంకు, టీ-72". చివరికి ఒకచోట పచ్చరంగు ప్లాస్టిక్ ట్యాంకు కొన్నారు. వెనక్కి లాగి వదిలితే పరిగెత్తే రకం. టరెట్ (గన్ను ఉండే, తిరిగే పైభాగం) మీద అమెరికా సైన్యం ఒకప్పుడు వాడిన తెల్ల నక్షత్రం ఉంది. పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మాది కాదురా" అని బల్లమీద పెట్టేశారట.

ఆ ఒక్క మాటలో నాకు కావలసిన సమాచారం దొరికింది. ఆయనకి ఏదో ఒక ట్యాంకు చూపిస్తే సరిపోదు. తేడా ఆయన కంటికి తెలుస్తుంది. కాబట్టి ఎక్కడ దొరుకుతుందన్నది తర్వాత సంగతి, ముందు ఏది కావాలో తేలాలి. ఏ ట్యాంకో తెలియకుండా షాపులు తిరగడం పెళ్ళికూతురి పేరు తెలియకుండా శుభలేఖలు అచ్చువేయించడం లాంటిది.

గుర్తుపట్టడం

టీ-72 అన్న పేరు కొడుకు ఫోన్‌లో వెతికితే వచ్చింది. కానీ టీ-72 మన సైన్యంలోకి వచ్చింది 1970ల చివర్లో. 1971లో మన దగ్గర ఉన్న ప్రధాన ట్యాంకులు వేరు: బ్రిటిష్ సెంచూరియన్, చెన్నై దగ్గర ఆవడిలో తయారైన విజయంత, సోవియట్ నుంచి వచ్చిన టీ-54, టీ-55, నీళ్ళలోనూ నడిచే తేలికపాటి పీటీ-76, ఫ్రెంచి ఏఎంఎక్స్-13. పెట్టెలో పాత ఫోటో ఏదైనా ఉందేమో చూడమన్నాను. ఒకటి దొరికింది. నలుపు తెలుపు ఫోటో, ట్యాంకు పక్కన నిలబడ్డ నలుగురు కుర్రాళ్ళు. టీ-55 సిబ్బంది నలుగురే: కమాండరు, గన్నరు, లోడరు, డ్రైవరు.

ఫోటోలో ట్యాంకు సగమే కనిపిస్తోంది. ఆ సగం చాలు. పక్కనుంచి చూస్తే అయిదు పెద్ద చక్రాలు ఉన్నాయి, ట్రాక్ (చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టా) పైభాగం నేరుగా వాటి మీదే వాలి ఉంది. సెంచూరియన్‌కి, విజయంతకి, పీటీ-76కి ఆరేసి చక్రాలు. ఏఎంఎక్స్-13కి అయిదే గానీ అవి చిన్నవి, పైన ట్రాక్‌ని మోసే చిన్న రోలర్లు వేరే ఉంటాయి. మొదటి చక్రానికీ రెండో చక్రానికీ మధ్య ఖాళీ ఎక్కువగా ఉంది. ఇది టీ-54, టీ-55ల గుర్తు. తర్వాత వచ్చిన టీ-62లో ఆ ఖాళీలు వెనక చక్రాల మధ్య ఉంటాయి. ఇక టీ-54లో టరెట్ ముందుభాగం మీద చిన్న పుట్టగొడుగు ఆకారంలో గాలి గొట్టం మూత ఉంటుంది. టీ-55లో అది లేదు. ఫోటోలోనూ లేదు.

గన్ను గొట్టం సంగతి ఇంకా ముఖ్యం. టీ-55 అసలు గన్ను 100 మి.మీ.ది. పొగ తీసే ఉబ్బెత్తు భాగం దానికి సరిగ్గా గొట్టం మూతి దగ్గర ఉంటుంది. తర్వాతి కాలంలో మన సైన్యం తన టీ-55లకి 105 మి.మీ. గన్ను బిగించింది. అందులో ఆ ఉబ్బు గొట్టం మధ్యలోకి వస్తుంది. ఇంటర్నెట్‌లో కనిపించే భారతీయ టీ-55ల ఫోటోల్లో, ముఖ్యంగా చౌరస్తాల్లో, కంటోన్మెంట్లలో ప్రదర్శనకి పెట్టినవాటిలో ఈ మార్చిన గన్ను ఉన్నవి చాలా కనిపిస్తాయి. వాటిని చూసి మోడల్ కడితే 1971 నాటి డ్రైవరుకి అది కొత్తగా అనిపిస్తుంది.

ఫోటో పట్టుకుని గుంటూరు వెళ్ళి పెద్దాయనతో కూర్చున్నాను. ఇది తప్పనిసరి అనుకున్నాను. ఎందుకంటే పుస్తకంలో ఉండేది ఆ రకం ట్యాంకు, మనకి కావలసింది ఆయన బండి. "తాతగారూ, వెనకాల డీజిల్ డ్రమ్ములు రెండు ఉండేవి కదా?" అని అడిగాను. "దూరం పోయేటప్పుడు ఉండేవి నాయనా. ఫైటింగ్‌లోకి పోయేటప్పుడు ఎవడు పెట్టుకుంటాడు వాటిని?" అన్నారు. రంగు అడిగితే పచ్చ అని చెప్పి, వెంటనే "పచ్చ కనపడితేగా, అంతా దుమ్మే" అన్నారు. డ్రమ్ములు లేకుండా, కింది సగమంతా దుమ్ముతో కట్టాలని అక్కడే రాసుకున్నాను. ఈ రెండు సంగతులూ ఏ కిట్ డబ్బా మీదా ఉండవు.

స్కేల్ ఎందుకు 1/35

ఏది కావాలో తేలాక ఎంత సైజు అన్నది వచ్చింది. టీ-55 బాడీ పొడవు సుమారు ఆరున్నర మీటర్లు, గన్నుతో కలిపితే తొమ్మిది మీటర్లు. 1/72లో, అంటే అసలు దానిలో డెబ్బై రెండో వంతు సైజులో, బాడీ తొమ్మిది సెంటీమీటర్లే వస్తుంది, అరచేతిలో ఇమిడిపోతుంది. షెల్ఫులో పాతిక మోడళ్ళు పెట్టుకునే కలెక్టరుకి ఆ సైజే మంచిది. పెద్దాయనకి చూపు తగ్గింది. ఆయన వేళ్ళతో తడిమి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూస్తారు. 1/35లో గన్నుతో కలిపి ఇరవై అయిదు సెంటీమీటర్ల పైన వస్తుంది, డ్రైవరు మూత వేలికి తగిలేంత ఉంటుంది. 1/16 అయితే అర మీటరు దాటుతుంది, వాళ్ళ హాల్లో దానికి చోటు లేదు. అలా 1/35 ఖాయం చేశాం. ప్లాస్టిక్ కిట్లలో సైనిక వాహనాలకి అన్నిటికన్నా ఎక్కువ వాడుకలో ఉన్న స్కేల్ కూడా అదే కాబట్టి వెతుకులాట కొంత తేలికవుతుంది.

షాపుల్లో ఎందుకు ఉండవు

అయినా ఒకసారి స్థానిక షాపులన్నీ నేనూ చూసుకున్నాను. వస్తువు దొరుకుతుందని కాదు, సరఫరా ఎక్కడ ఆగిపోతోందో కుటుంబానికి సరిగ్గా చెప్పగలగాలని. వన్‌టౌన్‌లో చాలాకాలంగా పరిచయం ఉన్న ఒక హోల్‌సేల్ వ్యాపారి ఉన్న విషయం ఉన్నట్టు చెప్పాడు: "అన్నా, అయిదు వేల ట్యాంకు పెట్టుకుంటే ఏడాదికి ఒకటి పోద్ది. అదే చోట రెండొందల రూపాయల కార్లు పెడితే పండక్కి ఖాళీ." అతని అల్మరాలో ప్రతి అడుగూ అద్దె కట్టాలి. దసరాకీ సంక్రాంతికీ కదిలే సరుకే అతను తెస్తాడు. అందులో తప్పేమీ లేదు.

పెద్ద బ్రాండ్ల వైపునుంచి చూస్తే మరో కారణం ఉంది. పిల్లల బొమ్మల కంపెనీల్లో కొన్ని నేటి యుద్ధ వాహనాలకి కావాలనే దూరంగా ఉంటాయి. లెగో సంస్థ 2020లో వీ-22 ఆస్ప్రే విమానం సెట్‌ని విడుదలకి ముందు వెనక్కి తీసుకుంది. నిజమైన సైనిక వాహనాల మీద సెట్లు చేయకూడదన్న తన పద్ధతికి అది సరిపోదని భావించడమే కారణం. కాబట్టి మాల్‌లో ఆ బ్రాండ్ అల్మరా ముందు నిలబడి ట్యాంకు కోసం వెతకడం వృథా. ఒకప్పుడు పరిస్థితి కొంత వేరు. ఫన్‌స్కూల్ కంపెనీ మన దేశంలోనే జీ.ఐ.జో సైనికుల బొమ్మల్ని తయారుచేసింది. నా వయసువాళ్ళకి అవి బాగా గుర్తు. ఇప్పుడు విదేశీ కలెక్టర్లు కూడా ఆ భారతీయ తయారీ బొమ్మల కోసం వెతుకుతారు. ఇంట్లో అటక మీద ఉంటే పారేయకండి.

మూడోది దిగుమతి. స్కేల్ మోడళ్ళు కస్టమ్స్ లెక్కలో పిల్లల బొమ్మలతోపాటు ఒకే పద్దు కింద, 9503 కింద వస్తాయి. ఆ పద్దు మీద సుంకం 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. జీఎస్టీ, రవాణా దాని పైన. చవక బొమ్మల వరదని ఆపి ఇక్కడి తయారీని నిలబెట్టడం ఆ పెంపు ఉద్దేశం. మన దేశంలో ఎవరూ తయారుచేయని 1/35 టీ-55 మీదా అదే భారం పడింది. నాలుగోది నాణ్యత నిబంధన. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ధ్రువీకరణ, ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఈ ఉత్తర్వు పద్నాలుగేళ్ళలోపు పిల్లలు ఆడుకునే వస్తువులకి వర్తిస్తుంది. పెద్దల కోసం చేసిన కలెక్టర్ మోడళ్ళ మీద 14+ అని ఉండటానికి ఇలాంటి నిబంధనలే కారణం. కానీ 2023 జనవరిలో మాల్స్‌లో, ఎయిర్‌పోర్టుల్లో బీఐఎస్ సోదాలు చేసి ఐఎస్ఐ గుర్తు లేని బొమ్మలు స్వాధీనం చేసుకున్నాక, ఈ తేడా వివరంగా చదువుకుని ధైర్యంగా సరుకు పెట్టుకునే చిన్న దుకాణదారుడు ఎవరుంటారు? ఏడాదికి ఒకటి పోయే సరుకు కోసం అంత టెన్షన్ ఎందుకు అనుకుంటాడు.

ఇవన్నీ కొడుకుకి చెప్పాను. మంచి షాపు తెలియక దొరకలేదేమో అన్న బెంగ ఆయనకి పోయింది. అది పోవడం పనికి చాలా అవసరం. లేకపోతే ప్రతి వారం ఇంకో ఊళ్ళో ఇంకో షాపు పేరు వస్తూనే ఉంటుంది.

ప్రయత్నించి వదిలేసినవి

మొదట రెడీమేడ్ వైపు వెళ్ళాం, సమయం కలిసొస్తుందని. ఒక ఆన్‌లైన్ అమ్మకాల సైట్‌లో టీ-55 అని రాసిన లోహపు మోడల్ కనిపించింది. ప్రకటన ఫోటో సరిగ్గానే ఉంది. కొన్నవాళ్ళు పెట్టిన ఫోటోలు పెద్దవి చేసి చూస్తే చక్రాల ఖాళీలు వెనకవైపు ఉన్నాయి. అంటే వస్తున్నది టీ-62. పైగా 1/72. అమ్మేవాడికి రాసి, అసలు పీసు అడుగుభాగం ఫోటో అడిగాను. కంపెనీ పేరు, స్కేల్ సాధారణంగా అక్కడే ఉంటాయి. జవాబు రాలేదు. ఆర్డరు పెట్టలేదు. అడుగు ఫోటో పంపని అమ్మకందారు దగ్గర కలెక్టర్ వస్తువు కొనకూడదన్నది నా నియమం.

తర్వాత విదేశంనుంచి నేరుగా తెప్పించడం. కొడుకు స్నేహితుడు ఒకరు బయటి దేశంలో ఉన్నారు, గిఫ్ట్‌గా పంపిస్తానన్నారు. 2019 డిసెంబరు నుంచి పోస్టులో, కొరియర్‌లో గిఫ్ట్ పేరుతో వచ్చే వస్తువులకి పాత మినహాయింపు లేదు. ప్రాణరక్షక మందులకీ రాఖీలకీ మాత్రమే ఉంది. డబ్బు కన్నా నన్ను ఆపింది తేదీ. పార్సిల్ కస్టమ్స్‌లో ప్రశ్నలు పడి ఆగితే ఎప్పుడు వదులుతారో చెప్పలేం. ముహూర్తం కదలదు. కదలని తేదీ ఉన్న పనికి, మన చేతిలో లేని గేటు దాటాల్సిన దారి పట్టకూడదు.

3డీ ప్రింటింగ్ కూడా చూశాం. నగరంలో ప్రింటింగ్ చేసేవాళ్ళు ఉన్నారు, కంప్యూటర్ ఫైళ్ళు తేలిగ్గా దొరుకుతాయి. నమూనాకి టరెట్ ఒక్కటే తీయించాం. ప్లాస్టిక్ తీగని కరిగించి పొరలుగా పేర్చే మామూలు ఫిలమెంట్ ప్రింటులో పొరల గీతలు పడ్డాయి. టీ-55 టరెట్ పోతపోసిన గుండ్రటి ఉక్కు, దాని మీద మెట్లు మెట్లుగా గీతలుంటే ఆ ఆకారమే పోతుంది. సానపట్టి తీయొచ్చు, కానీ సానపడుతుంటే మూతలు, పట్టీలు కూడా అరిగిపోతున్నాయి. ద్రవాన్ని గట్టిపరిచి చేసే రెసిన్ ప్రింటు నునుపుగా వచ్చింది గానీ సన్న భాగాలు పెళుసు. రోజూ చేతుల్లోకి తీసుకునే వస్తువుకి అది పనికిరాదు. పైగా ఆ ఫైలు గేమ్ కోసం చేసింది, గొట్టం మందం కొలతకి సరిపోలేదు. విడిభాగం ఒకటి విరిగితే చేయించుకోవడానికి ప్రింటింగ్ మంచి సాధనం. పూర్తి ట్యాంకుకి ఈ కేసులో కాదనుకున్నాం.

పనిచేసిన దారి

మిగిలింది కిట్. ఇక్కడ నా ఆలోచన ఇది: రెడీమేడ్ మోడల్‌లో కంపెనీ వేసిన రంగు, గుర్తులు మారవు. ఉదాహరణకి 1965, 1971 యుద్ధాల్లో మన వాయుసేన పేరు నిలబెట్టిన న్యాట్ విమానాన్నే తీసుకోండి. బ్రిటిష్ మోడళ్ళలో అది తరచుగా వాళ్ళ విన్యాసాల జట్టు ఎర్రరంగులో వస్తుంది. వస్తువు దొరుకుతుంది, మన కథ అందులో ఉండదు. కిట్ అయితే రంగు మన చేతిలో ఉంటుంది, డ్రమ్ములు పెట్టాలో వద్దో మన చేతిలో ఉంటుంది. ముక్క ఏదైనా పోతే ఇంకో డబ్బాలో దొరకవచ్చు. లోటు ఒక్కటే, ఎవరో కట్టాలి.

జపాన్ కంపెనీ తమియాది 1/35 టీ-55ఏ కిట్ ఉంది. విదేశీ సైట్లు వదిలేసి, ఇప్పటికే సుంకం కట్టి సరుకు తెచ్చిపెట్టుకున్న మన దేశపు హాబీ వ్యాపారుల స్టాకు మాత్రమే వెతికాను. పేరుతో వెతికితే రకరకాలు వస్తాయి. డబ్బా మీది ఐటమ్ నంబరుతో, ఈ కిట్‌కి 35257, వెతికితే అదొక్కటే వస్తుంది. వేరే రాష్ట్రంలో ఒకరి దగ్గర దొరికింది. ధర నాలుగు వేల పైచిలుకు. దిగుమతి ఖర్చు చూస్తే సమంజసమే. డబ్బు పంపేముందు సీలు, లోపల ముక్కలుండే ఫ్రేములు, డీకాల్ (మోడల్ మీద అతికించే గుర్తుల) కాగితం ఫోటోలు తెప్పించుకున్నాను.

ఒక చిక్కు ఉంది. కిట్ టీ-55ఏది, మనకి కావలసింది టీ-55. అణు ధార్మికతని అడ్డుకునే లైనింగ్ వేయడంవల్ల టీ-55ఏలో పైమూతల చుట్టూ అంచు ఎత్తుగా ఉంటుంది. టీ-55లో ముందు పలక మధ్యలో మెషీన్‌గన్ కోసం చిన్న రంధ్రం ఉంటుంది, టీ-55ఏలో ఉండదు. మినీఆర్ట్ అనే మరో కంపెనీ ఈ రకాలన్నిటికీ విడివిడిగా కిట్లు చేస్తుంది, కానీ ముక్కలు చాలా ఎక్కువ, కట్టడానికి సమయం ఎక్కువ. తేదీని, కట్టేవాడి అనుభవాన్ని చూసి తమియానే తీసుకుని, అంచు అరగదీసి రంధ్రం వేయాలని నిర్ణయించాం. పూర్తిగా పరిపూర్ణమైన టీ-55 కాదు ఇది. ఈ సంగతి కొడుకుకి ముందే చెప్పి ఒప్పుకున్నాకే డబ్బు పంపాం. కలెక్టర్ వస్తువులో రాజీ ఎక్కడ పడుతుందో కొనేవాడికి ముందే తెలియాలి.

కట్టడానికి గుంటూరులో కృత్రిమ దంతాల ల్యాబులో పనిచేసే ఒక కుర్రాడు దొరికాడు. కొన్ని విమానాలు కట్టిన అనుభవం ఉంది. సన్న పనిముట్లు, భూతద్దం, ఓపిక, మూడూ ఉన్నాయి. పక్క ఊరి పేరున్న బిల్డర్‌కి ఇవ్వకుండా ఇతన్ని ఎంచుకోవడానికి కారణం దూరం. పెద్దాయన మధ్యమధ్యలో చూసి సరిదిద్దాలి, కొరియర్‌లో అటూ ఇటూ పంపితే గొట్టం విరుగుతుంది.

ఆ మధ్య చూపులే ఈ కేసులో అన్నిటికన్నా విలువైనవి. రంగు వేయకముందు, బూడిదరంగు ప్రైమర్ దశలో మొదటిసారి చూపించాం. ఆయన నేరుగా ఎడమవైపు ముందుభాగం తడిమారు. టీ-55లో డ్రైవరు కూర్చునేది అక్కడే. తర్వాత కుడివైపు హెడ్‌లైట్ల గార్డు చూశారు. "ఇది మాకు వంగిపోయి ఉండేది, చెట్టుకి కొట్టుకుని" అన్నారు. కుర్రాడు దాన్ని కొద్దిగా వంచాడు. ప్రైమర్ దశలోనే చూపించమని నేను పట్టుబట్టింది ఇందుకే. రంగు, డీకాల్స్ పడ్డాక ఇలాంటి మార్పు చేయాలంటే పనంతా పాడవుతుంది.

రంగు విషయంలో రెండు జాగ్రత్తలు తీసుకున్నాం. సీసాలోని పచ్చ ఉన్నదున్నట్టు కొడితే చిన్న మోడల్ మీద నల్లగా కనిపిస్తుంది, అందుకే కొంత లేత చేసి ఎయిర్‌బ్రష్‌తో కొట్టాడు. దుమ్ము రంగు నల్లరేగడిది కాదు, పశ్చిమ సరిహద్దు మట్టిది కావాలి. పెద్దాయన చూపించిన గోధుమ పిండి రంగుకి దగ్గరగా కలిపాం.

గుర్తులు పెద్ద పని. కిట్‌లో వచ్చే డీకాల్స్ మనకి పనికిరావు. మన సైనిక వాహనాల నంబరు పైకి చూపే బాణం గుర్తుతో మొదలవుతుంది, అది ఏ డబ్బాలోనూ రాదు. డీకాల్ కాగితం కొని ఇక్కడే ప్రింటు తీద్దామంటే మామూలు ప్రింటర్లలో తెల్లరంగు ఉండదు. అక్షరాలు తెల్లవి. అందుకని పారదర్శక కాగితం వదిలేసి తెల్ల కాగితం తీసుకున్నాం. నంబరు పలక నల్ల చతురస్రాన్ని ప్రింటు చేసి, అంకెలు ఖాళీగా వదిలేస్తే కింది తెలుపే అంకెలుగా కనిపిస్తుంది. పలక విడిగా ఒక పెట్టెలా ఉంటుంది కాబట్టి చుట్టూ ఉన్న పచ్చతో రంగు కలపాల్సిన బాధ లేదు. టరెట్ మీది గుర్తు మాత్రం కుర్రాడు సన్న కుంచెతో చేత్తో వేశాడు.

మునిమనవడి ట్యాంకు

పనిలో సగం దూరం వచ్చాక పిల్లాడి సంగతి తేల్చాలని నేనే ఎత్తాను. ఇంట్లో ట్యాంకు కనిపిస్తే ఏడేళ్ళవాడు ముట్టుకోకుండా ఉండడు. ముట్టుకోవద్దంటే ముత్తాతగారి వస్తువు మీద వాడికి భయం పుడుతుంది. ఆ మోడల్‌లో సన్న ముక్కలు, పదునైన అంచులు ఉన్నాయి, అది వాడి వయసుకి కాదు. వాడిది వాడికి వేరే ఉండాలి.

ప్లాస్టిక్‌లో మళ్ళీ నక్షత్రం ట్యాంకే వస్తుంది. కొండపల్లి మనకి దగ్గరే గానీ తెల్ల పొణికి చెక్క మెత్తన, ఆ బొమ్మలు చూడటానికి అందం, ఎత్తి పడేసి ఆడుకోవడానికి కాదు. ఏటికొప్పాక లక్క బొమ్మల పని వేరు. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ సహజ రంగులు కలిపిన లక్క ఎక్కిస్తారు. టీ-55 ఆకారం చూస్తే గుండ్రటి టరెట్, గొట్టం, పక్కకి అయిదేసి చక్రాలు, అన్నీ లేత్ మీద వచ్చేవే. ఒక కళాకారుడికి కొలతలు పంపి, గొట్టం పొట్టిగా లావుగా, చక్రాలు ఊడిరాకుండా చేయించాం. నిబంధనల వైపునుంచి కూడా ఇది సాఫీ దారి: 2020 డిసెంబరులో చేసిన సవరణతో నమోదైన హస్తకళాకారుల బొమ్మలకీ, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకీ ఆ నాణ్యత ఉత్తర్వు నుంచి మినహాయింపు ఇచ్చారు.

అప్పగింత, ఆ తర్వాత

మోడల్‌ని కొయ్య పీఠం మీద స్క్రూతో బిగించి, పైకి తీసేయగల యాక్రిలిక్ మూత పెట్టాం. అతికించిన మూత వద్దన్నాను, పెద్దాయన దాన్ని చేత్తో చూడాలి కాబట్టి. ఎత్తేటప్పుడు పీఠం పట్టుకోవాలి, టరెట్ కాదు. కిటికీ ఎండ పడకూడదు. వేసవిలో నిలిపి ఉంచిన కారులో వదిలితే మన దగ్గర వేడికి గొట్టం వంగే ప్రమాదం ఉంది. ఇవి కాగితం మీద రాసి ఇచ్చాను.

పీఠం మీద ఏం రాయాలన్న దానిమీద కుటుంబం చాలాసేపు మాట్లాడుకుంది. కొడుకు రెజిమెంటు పేరు, యుద్ధం పేరు అన్నారు. పెద్దాయన ఫోటోలోని మిగతా ముగ్గురి పేర్లు కూడా వేయమన్నారు. నాలుగు పేర్లూ వేయించాం. ఫంక్షన్ రోజున నేను వెళ్ళాను. ఆయన ట్యాంకు చేతిలోకి తీసుకుని, వచ్చినవాళ్ళకి ఎవరు ఎక్కడ కూర్చునేవారో ఒక్కొక్క మూత మీద వేలు పెట్టి చూపించారు. ఇంట్లోవాళ్ళు కూడా ఆ వివరం అంతకుముందు వినలేదట.

ఈ కేసు తర్వాత నేను పాటిస్తున్నవి

ఎవరైనా సైనిక మోడల్ కావాలని వస్తే ఇప్పుడు షాపుల గురించి అసలు మాట్లాడను. ముందు పాత ఫోటో అడుగుతాను. తర్వాత ఏ సంవత్సరం, ఎవరు చూస్తారు, ఎవరు ముట్టుకుంటారు, తేదీ కదులుతుందా కదలదా అని అడుగుతాను. వీటికి జవాబులు వచ్చాక కంపెనీ, స్కేల్, ఐటమ్ నంబరు ఒక చీటీ మీద రాసి ఇస్తాను. ఆ చీటీ ఉంటే వాళ్ళంతట వాళ్ళే దేశంలో ఎక్కడ స్టాకు ఉన్నా తెప్పించుకోగలరు. నా దగ్గరే కొనాలని లేదు. నడిపిన మనిషి బతికి ఉంటే ఆయనతో మాట్లాడకుండా ఆర్డరు పెట్టను.

ఖర్చు విషయంలో కిట్ ధర ఒక్కటే చెప్పడం మానేశాను. రంగులు, డీకాల్ కాగితం, కట్టే కూలి, మూత, పీఠం కలిపితే కిట్ ధరకి కొన్ని రెట్లు అవుతుంది. అది మొదటి రోజే తెలిస్తే కొందరు చిన్న స్కేల్‌కి మారతారు, కొందరు వద్దనుకుంటారు. రెండూ మంచివే.

ఈ మధ్యే తెనాలి వైపునుంచి ఒకావిడ వచ్చారు. వాళ్ళ పెదనాన్నగారు విజయంత మీద గన్నరు. విజయంతకి మూలం బ్రిటన్ వికర్స్ ట్యాంకు. దాని కిట్ మన హాబీ వ్యాపారుల స్టాకులో నాకు కనిపించలేదు. కాబట్టి ఈ దారి అక్కడ సరిపోదు, బాడీని చేత్తో కట్టాల్సి రావచ్చు. అడ్వాన్సు తీసుకోలేదు. ఫోటో, ఆయన పనిచేసిన సంవత్సరాలు పంపమన్నాను. ఆ దంతాల ల్యాబు కుర్రాడు ప్లాస్టిక్ షీటుతో ఆరు చక్రాల నమూనా ఒకటి చేసి చూస్తున్నాడు.